ఆ బిల్లు చింపకండి

ప్రశ్న: సుబేదార్ గారికి నమస్కారం. మా వారు ఆర్మీలో హవిల్దార్. 19 ఏళ్ళ సర్వీసు. నాయబ్ సుబేదార్ ప్రమోషన్ దగ్గరపడింది. మొన్న జనవరిలో సెలవు మీద వచ్చినప్పుడు, తాను చదువుకున్న హైస్కూలు వాళ్ళు 26న జెండా వందనానికి ముఖ్య అతిథిగా పిలిచారు. యూనిఫాం వేసుకుని వెళ్ళారు. తన మెడల్స్‌తో పాటు మా మామగారి పశ్చిమీ స్టార్ కూడా తగిలించుకున్నారు. అది 1971 యుద్ధంలో ఆయనకు వచ్చింది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. అంతవరకే అయితే మీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. సెలవు మీద వస్తూ సికింద్రాబాద్‌లో ఒక మిలిటరీ సామాన్ల దుకాణంలో సేనా మెడల్ ఒకటి కొన్నారు. దాన్నీ పెట్టుకున్నారు. హెడ్మాస్టరు గారు మైకులో 'సేనా మెడల్ గ్రహీత' అంటే ఈయన నవ్వి ఊరుకున్నారు. మా బావగారి అబ్బాయి ఆ ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. పక్క ఊరి సైనికుడు ఒకాయన వాటిని చూసి యూనిట్‌కు పంపాడట. సెలవు ముగిసి వెళ్ళగానే కంపెనీ కమాండర్ పిలిచి అడిగారట. త్వరలో సీఓ (కమాండింగ్ ఆఫీసరు) ముందు నిలబెడతారట. "అది కూడా నాన్నదేనని చెప్తాను, నువ్వు ఆ బిల్లు చింపేయి" అని ఫోన్లో అన్నారు. మరుసటి రోజు "అసలు డిశ్చార్జి పెట్టుకుని వచ్చేస్తాను" అన్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటున్నారు. ఉద్యోగం పోతుందా? పింఛను రాదా? మా అబ్బాయి అదే స్కూల్లో ఎనిమిదో తరగతి. 'మా నాన్నకు సేనా మెడల్ ఎందుకు వచ్చింది' అని వ్యాసం రాసుకు రమ్మన్నారు. వాడికి ఏమి చెప్పను?

- ఒక సైనికుడి భార్య, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు బిల్లు సంగతి. చింపకండి. ఎక్కడ ఉన్నదో అక్కడే ఉండనివ్వండి. మీ వారికి ఆ కాగితం శత్రువులా కనిపిస్తోంది. నాకు మాత్రం ఆయన తరఫున మాట్లాడగలిగిన సాక్షిలా కనిపిస్తోంది. ఎందుకో చెప్పే ముందు, ఆయన చేసిన పని ఫౌజులో ఏ లెక్కలోకి వస్తుందో మీకు తెలియాలి.

నేను 28 ఏళ్ళు క్లర్కుగా పనిచేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. తుపాకీ పట్టింది తక్కువ, రిజిస్టర్లు మోసింది ఎక్కువ. ఫౌజులో ఏది జరిగినా దానికొక పార్ట్ టూ ఆర్డర్, అంటే రికార్డులో ఎక్కించే కాగితం ఉంటుంది. పెళ్ళయితే పార్ట్ టూ ఆర్డర్, బిడ్డ పుడితే పార్ట్ టూ ఆర్డర్. ఆయన రికార్డులో భార్యగా మీ పేరు ఎక్కింది కూడా ఆ కాగితంతోనే. మెడల్ వచ్చినా అంతే. అది ఆర్డర్‌లో వస్తుంది, సర్వీసు రికార్డులో ఎక్కుతుంది, ఆ తర్వాతే రిబ్బన్ ఛాతీ మీదికి వస్తుంది. తొమ్మిదేళ్ళు చేసినవాడి రిబ్బన్ వేరు, ఇరవై ఏళ్ళు చేసినవాడిది వేరు. సియాచిన్‌కు వెళ్ళినవాడిది వేరు, ఎత్తైన కొండల్లో పనిచేసినవాడిది వేరు. తెలిసినవాడు ఎదురుగా నిలబడితే, ఒక్క మాట అడగకుండానే మన సర్వీసు మొత్తం ఛాతీ మీద చదివేస్తాడు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో, ఊరి పేరుకు ముందు మిలిటరీ అని చేర్చి పిలిచేంతగా ఇంటింటా సైనికులున్న ఆ ఊళ్ళో, అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళు కూడా చదవగలరు. మీ జిల్లాలో ఆ పని చేసి ఎవరూ గమనించరని మీ వారు ఎలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు.

అందులోనూ ఎంచుకున్నది సేనా మెడల్. ఎర్ర రిబ్బన్, నడుమ సన్నని తెల్ల గీత. 1960లో నెలకొల్పారు. శౌర్యానికీ ఇస్తారు, విశిష్ట సేవకూ ఇస్తారు. జనవరి 26కో ఆగస్టు 15కో పేర్లు ప్రకటిస్తారు, భారత ప్రభుత్వ గెజిట్‌లో అచ్చవుతాయి. శౌర్యానికి వచ్చినవాడికి నెలనెలా భత్యం కూడా ఉంటుంది. అంటే ఆ మెడల్ ఉన్నవాడి పేరు గెజిట్‌లో ఉంటుంది, రికార్డ్ ఆఫీసులో ఉంటుంది, జీతం లెక్కల్లోనూ కనిపిస్తుంది. లేనివాడి పేరు వీటిలో ఎక్కడా ఉండదు. "అది కూడా నాన్నదే" అనే మాట నిలబడేది ఒక్క పూట. మీ మామగారి రికార్డు తెప్పించడానికి యూనిట్ క్లర్కుకు ఒక ఉత్తరం చాలు. అలాంటి ఉత్తరాలు నేనే చాలా రాశాను.

ఇక శిక్ష. అమెరికా సైనిక చట్టంలో, హక్కు లేని పతకం ధరించినందుకని 2019 నుంచి విడిగా ఒక అధికరణమే ఉంది. మన 1950 నాటి ఆర్మీ చట్టంలో అలాంటి ప్రత్యేక సెక్షన్ లేదు. ఇలాంటివి 63వ సెక్షన్ కిందికి వస్తాయి. సైనిక క్రమశిక్షణకూ మంచి నడవడికీ భంగం కలిగించడం అన్నమాట. వేరే సెక్షన్లలో ఇమడని తప్పులన్నీ ఆ సంచీలోకే వెళ్తాయి. దాని కింద కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం, వేయగల గరిష్ఠ శిక్ష ఏడేళ్ళ జైలు. ఆ అంకె చూసి గుండె జారనివ్వకండి. చట్టం చివరి గట్టు ఎక్కడుందో అది చెబుతుంది, అంతే. బండి అక్కడిదాకా వెళ్ళడం వేరే సంగతి.

జరిగేది ఇలా ఉంటుంది. మొదట సీఓ ఆరోపణ వింటారు. మీ వారి సమక్షంలోనే వినాలి. సాక్షులను ఆయన ప్రశ్నించవచ్చు. విన్న తర్వాత సీఓ ఆరోపణను కొట్టివేయవచ్చు, అక్కడికక్కడే చిన్న శిక్షతో ముగించవచ్చు, లేదా సాక్ష్యాలన్నీ కాగితం మీద పెట్టమని సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌కు ఆదేశించవచ్చు. అక్కడికక్కడే ముగిస్తే, హవిల్దార్ హోదాలో ఉన్నవాడిని 80వ సెక్షన్ కింద నిర్బంధంలో పెట్టడానికి వీల్లేదు. సివియర్ రెప్రిమాండ్, రెప్రిమాండ్, జీతంలో కోత లాంటివే మిగులుతాయి. పేరుకు అది మందలింపే. కానీ సివియర్ రెప్రిమాండ్ ఎర్ర సిరాతో ఎక్కుతుంది. రెడ్ ఇంక్ ఎంట్రీ అంటే ఏమిటో మీ వారిని అడగనక్కర లేదు, ఆ మాట వింటేనే సైనికుడి ముఖం మారిపోతుంది. ప్రమోషన్ చూసేవాళ్ళ కళ్ళు ముందు పడేది దాని మీదే. నాయబ్ సుబేదార్ పట్టీ కొంత కాలం వెనక్కి పోవచ్చు, చేజారనూ వచ్చు. ఆ బాధకు మీరిద్దరూ ఇప్పటినుంచే సిద్ధపడండి.

సీఓ దీన్ని పెద్దది చేయదలిస్తే సమ్మరీ కోర్టు మార్షల్ ఉంది. అక్కడ న్యాయం చెప్పేది కూడా సీఓనే. హవిల్దార్‌ను సిపాయి హోదాకు దింపవచ్చు, ఉద్యోగం నుంచి డిస్మిస్ చేయవచ్చు, ఆ సీఓ లెఫ్టినెంట్ కర్నల్ గానీ ఆ పైవాడు గానీ అయితే ఏడాది వరకు జైలు వేయవచ్చు. నిజమైన ప్రమాదం డిస్మిస్ అనే మాటలో ఉంది. సిపాయిలకు పింఛను హక్కు 15 ఏళ్ళకు వస్తుంది, మీ వారు ఆ గీత దాటారు. అయినా డిస్మిస్ అయినవాడికి మామూలుగా పింఛను ఉండదు. అలాంటి తీర్పు వస్తే పై అధికారులకు పిటిషన్ పెట్టుకోవచ్చు, సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కూ వెళ్ళవచ్చు. విచారణలో తోడుగా కూర్చుని సలహా చెప్పడానికి ఒక మనిషిని పెట్టుకునే హక్కు కూడా ఉంది. అయితే ఒకసారి మెడల్ పెట్టుకుని, పట్టుబడగానే ఒప్పుకున్న 19 ఏళ్ళ హవిల్దార్‌ను అంతదూరం తోసిన సీఓను నా సర్వీసులో నేను చూడలేదు. అబద్ధం మీద అబద్ధం చెప్పి తనంతట తానే అంతదూరం నడిచిపోయినవాణ్ణి మాత్రం ఒకణ్ణి చూశాను.

అతని కథ పొడవైనది, కొంచెమే చెప్తాను. కార్గిల్ తర్వాత రెండు పతకాలు వచ్చాయి. యుద్ధం జరిగిన చోట ఉన్నవాళ్ళకు ఆపరేషన్ విజయ్ స్టార్. ఆ యుద్ధం కోసం దేశంలో ఇతర చోట్ల మోహరించిన వాళ్ళకు ఆపరేషన్ విజయ్ మెడల్. మా వాడికి వచ్చింది మెడల్. పెట్టుకున్నది స్టార్ రిబ్బన్. ఫోటో స్టూడియోకు వెళ్ళిన రోజు మొదలైన ఆ మార్పు, రెండేళ్ళు యూనిఫాం మీదే ఉండిపోయింది. అడిగినప్పుడు, యుద్ధం రోజుల్లో తనను ఫలానా యూనిట్‌కు జత చేశారని ఒక కాగితం రాసిచ్చాడు. రిబ్బన్ తప్పు ఆ క్షణంలో చిన్నదైపోయింది. అబద్ధపు రిపోర్టులు, పత్రాల సంగతి 57వ సెక్షన్ చూస్తుంది. దాని గరిష్ఠం పద్నాలుగేళ్ళు. ఏడుకు రెట్టింపు. చట్టం రాసినవాళ్ళు ఏ తప్పును పెద్దదిగా చూశారో ఆ అంకెలే చెబుతున్నాయి. అతని సంగతి అంతటితో వదిలేద్దాం, ఆ కుటుంబం ఇంకా మా ఊరి దగ్గరే ఉంది.

ఇప్పుడు బిల్లు దగ్గరికి వద్దాం. అందులో తారీఖు ఉంటుంది కదా. సెలవు మీద వస్తూ, జెండా వందనానికి కొద్ది రోజుల ముందు కొన్నది. అంటే ఈ మెడల్‌ను ఆయన యూనిట్‌లో ఏనాడూ పెట్టుకోలేదు. ఏళ్ళ తరబడి సాగిన మోసం కాదు, ఒక రోజు చేసిన తెలివితక్కువ పని. ఆ సంగతి ఆయన నోటితో చెబితే సీఓ నమ్మవచ్చు, నమ్మకపోవచ్చు. బిల్లు చెబితే నమ్మక తప్పదు. అదే బిల్లు చింపారని తెలిస్తే, దాచడానికి ఇంకేమో ఉందనుకుంటారు. దుకాణం వాడి దగ్గర దాని నకలు ఉండే ఉంటుంది, అది వేరే మాట. మీరు దాన్ని ఎవరికీ పంపనక్కర లేదు. ఆయన ఒప్పుకున్న రోజున, కావాలని ఆయనే అడిగితే ఫోటో తీసి పంపండి.

దుకాణం వాడిని తిట్టుకోకండి. తిరుమలగిరి లాల్ బజారులోనైనా, ఢిల్లీ గోపీనాథ్ బజారులోనైనా నకలు మెడల్స్ గాజు పెట్టెలో పెట్టి అమ్ముతారు. అసలువి ఇంట్లో భద్రంగా ఉంచి, పరేడ్‌కు నకలు పెట్టుకునే సైనికులు బోలెడంతమంది. కొనడంలో తప్పు లేదు. ఛాతీ మీద పెట్టుకునే హక్కు ఉందా లేదా అన్నదే ప్రశ్న. అన్నట్టు, 54వ సెక్షన్ ప్రకారం సైనికుడు తనకొచ్చిన పతకాన్ని అమ్ముకోవడం, తాకట్టు పెట్టడం కూడా నేరమే. ఇది చాలామందికి తెలియదు.

మీ మామగారి పశ్చిమీ స్టార్ సంగతి వేరు. దాని మీద నాకు మీ వారిపై కోపం లేదు. తండ్రి పతకం ఒంటి మీద పెట్టుకోవాలని ఏ కొడుక్కు ఉండదు? కానీ దానికొక పద్ధతి ఉంది. సొంత పతకాలు ఎడమ వైపు. పోయినవారి పతకాలను ఇంటివాళ్ళు కుడి వైపు పెట్టుకుంటారు. 2019లో మన ఆర్మీ కూడా, యుద్ధ స్మారకాల దగ్గర, అంత్యక్రియల్లో నివాళి అర్పించేటప్పుడు కుటుంబసభ్యులు వాటిని కుడి ఛాతీ మీద ధరించడానికి అనుమతించింది. కొడుకు యూనిఫాంలో ఉన్నప్పుడు తన వరుసలో తండ్రి స్టార్‌ను కలిపేస్తే మాత్రం, 1971లో తానే యుద్ధం చేసినట్టు అవుతుంది. మీ వారు అప్పటికి పుట్టనేలేదు. సీఓ దగ్గర దీన్ని కూడా కలిపి చెప్పేయమనండి. ప్రేమతో చేసిన తప్పును ఎవరైనా అర్థం చేసుకుంటారు. అయితే ఆ ప్రేమ చాటున సేనా మెడల్‌ను దాచాలని చూస్తే రెండూ మురికి అవుతాయి.

సీఓ ముందు ఏమి చెప్పాలి? విచారణలో మాట్లాడకుండా ఉండే హక్కు ఆయనకు ఉంది. సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ రాసేటప్పుడు, నువ్వు ఏమీ చెప్పనక్కర లేదు, చెబితే రాసుకుంటాం అని ముందే హెచ్చరిస్తారు. కాబట్టి మౌనం తప్పు కాదు. కల్పించి చెప్పడం తప్పు. నన్నడిగితే, ఆ దాకా ఆగకుండా ఆయనే ముందు సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) దగ్గరికి వెళ్ళాలి. సుబేదార్ మేజర్ సాబ్ అనే మనిషి ప్రతి యూనిట్‌లో ఉన్నది ఇలాంటి రోజుల కోసమే. "సాబ్, కొన్నాను, పెట్టుకున్నాను, మైకులో అన్నప్పుడు కాదనలేదు." ఈ మూడు ముక్కలు చాలు. "ఊరివాళ్ళు అడిగారు, పిల్లవాడు ముచ్చటపడ్డాడు" అని తోక తగిలించవద్దు. నాకు ఫౌజు ఇచ్చిన బుద్ధుల్లో ఇదొకటి: సాకు పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది.

వెళ్ళే ముందు ఆయన్ను రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. ఈ సేనా మెడల్ పేరు చెప్పి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో గానీ, ఇంటి స్థలానికి గానీ, నగదు బహుమతికి గానీ ఎక్కడైనా దరఖాస్తు పెట్టారా? పెట్టలేదనే అనుకుంటున్నాను. పెట్టి ఉంటే మాత్రం ఇది గొప్పలకు పోయిన వ్యవహారం కాదు, మోసం కిందికి వెళ్తుంది, అప్పుడు నా సలహా చాలదు. సైనిక కేసులు చూసే వకీలు దగ్గరికి ఈ రోజే వెళ్ళాలి. రెండోది, ఆ ఫేస్‌బుక్ ఖాతా ఎవరిది? 2020 జులైలో ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయాలని ఆర్మీ తన సిబ్బందిని ఆదేశించింది. పెట్టింది మీ బావగారి అబ్బాయి అని మీరు రాశారు. తన ఖాతాలోనే పెట్టి ఉంటే ఆ మాట అలాగే చెప్పాలి. ఇంకొకరి మీదికి నెట్టడానికి మాత్రం కాదు.

డిశ్చార్జి పెట్టుకుని వచ్చేస్తానన్న మాట కోపంలో అన్నదనే అనుకుంటాను. ఇంటికి వచ్చేస్తే కేసు అక్కడే ఆగిపోతుందనుకోవడం పొరపాటు. సర్వీసులో చేసిన తప్పుకు, బయటికి వచ్చిన మూడేళ్ళ వరకు కూడా విచారించవచ్చని 123వ సెక్షన్ చెబుతుంది. తొందరపడి సంతకం పెట్టి 19 ఏళ్ళ సర్వీసును అర్ధాంతరంగా తెంపుకోవద్దనండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది సేనా మెడల్ కాదమ్మా. "రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటున్నారు" అన్న వాక్యం. అమెరికా నౌకాదళానికి అధిపతిగా పనిచేసిన అడ్మిరల్ జెరెమీ బూర్డా అనే ఆయన మామూలు నావికుడిగా చేరి అంత ఎత్తుకు ఎదిగినవాడు. ఆయన రెండు పతకాల మీద, పోరాటంలో వచ్చినవని సూచించే చిన్న కంచు అక్షరాలు పెట్టుకునేవాడు. వాటికి ఆయనకు హక్కు ఉందా అని ఒక పత్రికవాళ్ళు అడగడానికి వస్తున్న రోజే, 1996 మే 16న, ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆ అక్షరాలను అంతకు ఏడాది ముందే తీసేశాడు కూడా. మందలింపుతో పోయేదానికి నిండు మనిషి పోయాడు. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. యూనిఫాం వేసుకున్నవాడికి జైలు కన్నా సిగ్గు బరువైనదని మీరు తెలుసుకోవాలని చెబుతున్నాను. రోజూ ఫోన్ చేయండి. మెడల్ గురించి నిలదీయకండి, అది చేయడానికి అక్కడ చాలామంది ఉన్నారు. అన్నం తిన్నారా, నిద్రపోయారా అని అడగండి. చచ్చిపోవాలనుందని గానీ, నేను లేకపోయినా మీకు బాగుంటుందని గానీ అంటే, సరిగ్గా అదే మాటగా అడగండి, తప్పించుకు పోనివ్వకండి. వెంటనే ఆయన కంపెనీ సీనియర్ జేసీఓకు ఫోన్ చేసి చెప్పండి. ఇంటి గుట్టు అని ఆగవద్దు. 14416కు ఫోన్ చేస్తే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు, ఆయనకైనా, మీకైనా.

ఫోటో పంపిన పక్క ఊరి సైనికుడి ఇంటికి మీ వాళ్ళెవరూ వెళ్ళకుండా చూడండి. ఈర్ష్యతో చేశాడో, రెజిమెంటు మీద ప్రేమతో చేశాడో నాకు తెలియదు, మీకూ తెలియదు. అక్కడ గొడవపడితే సాక్షిని బెదిరించారనే మాట కూడా చేరుతుంది.

ఇక అబ్బాయి. వ్యాసం రాయవద్దని మాత్రం చెప్పకండి. హెడ్మాస్టరు గారికి మీ వారే ఫోన్ చేసి "ఆ రోజు మైకులో చెప్పింది నిజం కాదు, నేను సరిదిద్ది ఉండాల్సింది" అనాలి. సీఓ ముందు నిలబడటం కన్నా ఈ ఫోన్ ఆయనకు కష్టం. అయినా మీరు చేయవద్దు, ఆయనతోనే చేయించండి. అబ్బాయికి కూడా ఆయనే చెప్పాలి. ఎనిమిదో తరగతి పిల్లలకు మనం అనుకునేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. బహుశా వాడికి ఈపాటికే అనుమానం వచ్చి ఉంటుంది.

తర్వాత మీ మామగారి ట్రంకు పెట్టె తీయించండి. నల్ల పెట్టె, మీద తెల్ల రంగుతో నంబరు, పేరు రాసి ఉంటుంది. అందులో ఆయన డిశ్చార్జి బుక్ దొరకాలి. వచ్చిన పతకాలన్నీ అందులో రాసి ఉంటాయి. పశ్చిమీ స్టార్ వచ్చినవాళ్ళకు చాలావరకు సంగ్రామ్ మెడల్ కూడా వచ్చింది, దానికోసం అడుగున ఉన్న బట్టల మధ్య వెతకండి. ఈ పతకాల మీద సైనికుడి నంబరు, పేరు ఉంటాయి. అరిగిపోయి ఉంటే కాస్త వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ వాల్చి చూడమనండి. 1971 డిసెంబరులో తాతయ్య ఏ రెజిమెంటులో, ఏ సెక్టారులో ఉన్నారో ఆ బుక్కును బట్టి అబ్బాయినే కనుక్కోమనండి. అర్థంకాని పొట్టి అక్షరాలు ఉంటే ఒక కాగితం మీద రాసి నాకు పంపమనండి. వాటిని విప్పి చెప్పడం నాకు వచ్చిన పని.